హేగె రీసె గురించి రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. నార్వే మహిళా ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డర్‌గా, అంటే మైదానం నడుమ, ఆడిన హేగె రీసె మీద తెలుగులో ఒకరు పూనుకుని రాయడం నాకెంత సంతోషమో చెప్పలేను. తేదీలు సరిగ్గా ఉన్నాయి, లెక్కలు సరిగ్గా ఉన్నాయి. అయినా రైళ్ల టైమ్‌టేబుల్ చదివినట్టే ఉంది. 1969లో ఓస్లో పక్కనున్న లోరెన్‌స్కూగ్‌లో పుట్టింది. 1990లో జాతీయ జట్టులోకి వచ్చింది. 1995లో జపాన్ వెళ్లింది, 2001లో అమెరికా వెళ్లింది, ఆ తర్వాత ఇంటికొచ్చింది. ఎందుకు వెళ్లింది, ఎందుకు వచ్చేసింది అన్నదానికి ఒక్క వాక్యం లేదు. పాఠకులు ముందు అడిగేది అదే కదమ్మా.

"దేశాలు తిరగడం అంటే ఆమెకు సరదా" అని ఒకచోట రాశావు. ఆ వాక్యం తీసెయ్. ఆ కాలంలో ఆడపిల్ల ఫుట్‌బాల్ ఆడుతూ బతకాలంటే, జీతం ఇచ్చే లీగ్ ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిందే. ఆ సంగతి తెలిస్తే రీసె ఊళ్ల పేర్లన్నీ వాటంతటవే ఒక వరసలోకి వస్తాయి.

1995 జూన్ 18న స్వీడన్‌లోని రోసుండా స్టేడియంలో నార్వే 2-0తో జర్మనీని ఓడించి ప్రపంచ కప్ గెలిచింది. ఆ టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణికిచ్చే గోల్డెన్ బాల్ రీసెకి వచ్చింది. అంతకు ముందు ఏడాది మగవాళ్ల ప్రపంచ కప్‌లో అదే బహుమతి అందుకున్న బ్రెజిల్ ఆటగాడు రొమారియో, ఆ బహుమతి అందుకునేనాటికే బార్సిలోనాలో ఆడుతున్నాడు. మరి రీసె? నార్వేలో క్లబ్బు ఇచ్చే డబ్బుతో ఇల్లు గడవని రోజులవి. ఆమె జపాన్ దారి పట్టడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

జపాన్‌లో 1989లో మొదలైన ఎల్-లీగ్‌లో చాలా జట్ల వెనక పెద్ద పెద్ద కంపెనీలుండేవి. రీసె చేరిన నిక్కో సెక్యూరిటీస్ జట్టు ఒక స్టాక్ బ్రోకరేజ్ కంపెనీది. షేర్లు, స్థలాల ధరలు ఆకాశంలో ఉన్న రోజుల్లో ఆ దేశపు కంపెనీలు ఆటల జట్ల మీద ధారాళంగా ఖర్చు పెట్టాయి. ఆ బుడగ పగిలాక, 90ల చివర్లో ఒక్కొక్కటే తప్పుకున్నాయి. నిక్కో జట్టు వరసగా లీగ్ గెలుస్తూ గెలుస్తూనే 1998తో మూతపడింది. గెలుస్తున్న జట్టును కూడా మూసేస్తారని మన పాఠకులు ఊహించరు. అక్కడ కాస్త ఆగి, నింపాదిగా రాయి. రీసె అప్పటికే నార్వే తిరిగొచ్చేసి ఆస్కర్ క్లబ్బులో ఆడుతోంది. ఆ భాగం రెండు వాక్యాల్లో ముగించినా పరవాలేదు.

అమెరికా కథా అంతే. 1999లో పాసడీనాలోని రోజ్ బౌల్‌లో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కి 90 వేలమందికి పైగా జనం వచ్చారు. ఆ ఊపులో కేబుల్ టీవీ కంపెనీల డబ్బుతో ఎనిమిది జట్ల లీగ్ ఒకటి 2001లో మొదలైంది. పేరు డబ్ల్యూయూఎస్ఏ. ప్రపంచంలో మంచి ఆటగత్తెలు చాలామంది అటే నడిచారు. రీసెకి కరోలినా కరేజ్ జట్టు దక్కింది. మొదటి ఏడాది ఆ జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. మరుసటి ఏడాది ఫైనల్లో వాషింగ్టన్ ఫ్రీడమ్‌ని 3-2తో ఓడించి చాంపియన్ అయింది. ఇంకో ఏడాది గడిచిందో లేదో లీగే పోయింది. 2003 సెప్టెంబర్ 15న, అంటే అమెరికాలోనే జరగబోతున్న ప్రపంచ కప్‌కి సరిగ్గా ఐదు రోజుల ముందు, డబ్బుల్లేవని చేతులెత్తేశారు. ఒకసారి ఆలోచించు. దేశ జట్టుతో సాధన చేస్తూ ఉండగా ఉద్యోగం ఊడిందన్న కబురు వస్తే ఆ అమ్మాయిలకి ఎలా ఉండి ఉంటుంది? ఈ పేరా రాసేటప్పుడు నీకు కోపం వస్తే రానీ. ఆ కోపం వాక్యంలో కనిపించినా తప్పులేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఇప్పుడు అమెరికా లీగ్‌లో నార్త్ కరోలినా కరేజ్ అని ఒక జట్టుంది. అది వేరు, రీసె ఆడిన జట్టు వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయి కదా అని నీ వ్యాసంలో రెండూ కలిసిపోయాయి. విడదీయి.

ఇక ఆట సంగతి. ఆమె గోల్స్ లెక్కపెట్టి గొప్పతనం చూపించాలనుకున్నావు. 188 మ్యాచ్‌ల్లో 58 గోల్స్ అంటే మిడ్‌ఫీల్డర్‌కి చాలా ఎక్కువే, కాదనను. కానీ మిడ్‌ఫీల్డ్‌లో ఆడే మనిషి గొప్పతనం ఎక్కువగా గోల్‌కి రెండు పాస్‌ల వెనక ఉంటుంది, స్కోరు పట్టికలో దొరకదు. పైగా కోచ్ ఎవెన్ పెల్లెరూడ్ నార్వే జట్టుది సూటి ఆట. వెనక నుంచి బంతిని పొడవుగా ముందుకు కొట్టడం, పొడుగ్గా బలంగా ఉన్న అమ్మాయిలు దాన్ని గెలుచుకోవడం. అలాంటి జట్టులో బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని, తల ఎత్తి చూసి, ఆటని తన వేగానికి మార్చగలిగింది రీసె. ఈ తేడా పాఠకులకి పట్టుబడితే చాలు, బిరుదులేవీ అక్కర్లేదు. "మైదానంలో మహారాణి" కొట్టెయ్. "ఆడ మారడోనా" అసలు వద్దు. ఆమెను చూపించడానికి ఒక మగవాడిని పక్కన నిలబెట్టాల్సిన అవసరం ఏముంది?

ఒక్క గోల్ తీసుకుని దగ్గరగా చూపించు. 1995 ఫైనల్లో 37వ నిమిషం సరిపోతుంది. వాన పడుతోంది, గడ్డి తడిసి ఉంది. రీసె మిడ్‌ఫీల్డ్ నుంచి బంతితో పరుగు తీసి, జర్మన్ డిఫెండర్ల మీదికే దూసుకెళ్లి, తనే గోల్ కొట్టింది. మూడు నిమిషాలకి మరియానె పెటర్సెన్ రెండోది కొట్టింది. వీడియో చూస్తూ రాసుకో. ఎక్కడ వేగం తగ్గించిందో, ఏ డిఫెండర్ ఎటు మొగ్గిందో చూడు. "అద్భుతమైన గోల్" అనే మాట రాయకుండా ఆ గోల్‌ని రాయగలవేమో ప్రయత్నించు.

ఆ టోర్నీలోదే ఇంకో దృశ్యం ఉంది, దాన్ని ఎందుకు వదిలేశావో అర్థం కాలేదు. సెమీఫైనల్లో నార్వే 1-0తో అమెరికాని ఓడించింది. మ్యాచ్ అవగానే నార్వే అమ్మాయిలు మోకాళ్ల మీద వంగి, ముందున్నవాళ్ల కాళ్లు పట్టుకుని, మైదానంలో రైలుబండిలా పాకారు. ఓడిపోయి నిలబడ్డ అమెరికన్లకి ఒళ్లు మండిపోయింది. మరుసటి ఏడాది అట్లాంటా ఒలింపిక్స్ సెమీఫైనల్లో అదనపు సమయంలో గోల్ కొట్టి కసి తీర్చుకున్నారు. నార్వేకి కాంస్యం మిగిలింది. 2000లో సిడ్నీలో మళ్లీ ఇవే రెండు జట్లు. మొదటి మ్యాచ్‌లో అమెరికా 2-0తో గెలిచింది. ఫైనల్లో మాత్రం అదనపు సమయంలో డాగ్నీ మెల్‌గ్రెన్ గోల్‌తో 3-2గా బంగారం నార్వేకి పోయింది. అప్పుడు గోల్డెన్ గోల్ నియమం ఉండేది, గోల్ పడగానే ఆట ఆగిపోతుంది. మన పాఠకులకి ఈ ఒక్క ముక్క విడమర్చి చెబితే చాలు. ఆఫ్‌సైడ్ దగ్గర్నుంచీ పాఠం మొదలుపెట్టకు.

మరో మనిషిని కూడా వ్యాసంలోకి తీసుకురా. ఎలెన్ విల్లె అని నార్వే ఫుట్‌బాల్ సమాఖ్య ప్రతినిధి. 1986లో మెక్సికోలో జరిగిన ఫిఫా మహాసభలో, నిండా మగవాళ్లున్న సభలో లేచి, నివేదికలో మహిళల ఆట ఊసే లేదేమని నిలదీసింది. ఆడవాళ్లకీ ప్రపంచ కప్ పెట్టాలని అడిగింది. మొదటి ప్రపంచ కప్ 1991లో చైనాలో జరిగింది. ఫైనల్లో నార్వే 2-1తో అమెరికా చేతిలో ఓడింది. ఆ మైదానంలో రీసె ఉంది. విల్లె ఆరోజు నోరు విప్పకపోతే రీసె పేరు మనదాకా వచ్చేదా? నాకైతే నమ్మకం లేదు.

తెలుగువాళ్లకి ఇది దూరపు కథ అని నువ్వు సంకోచించావు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌లో చేరింది. అంత దూరం ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో రీసె కథ తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆమె ప్రస్తావన ఒక వాక్యం చాలు, బలవంతంగా పేరా చేయకు.

చివరి భాగం నువ్వు దాటేశావు. ఆట మానేశాక రీసె కోచ్ అయింది. అమెరికా జట్టుకి అప్పటి కోచ్ పియా సుండ్‌హాగె దగ్గర సహాయకురాలిగా పనిచేసింది. 2021లో కొంతకాలం ఇంగ్లండ్ జట్టుని నడిపింది, టోక్యో ఒలింపిక్స్‌లో బ్రిటన్ జట్టుకి కోచ్. 2022లో సొంత దేశపు జట్టు పగ్గాలు చేతికొచ్చాయి. 2023 ప్రపంచ కప్ మొదటి మ్యాచ్‌లోనే న్యూజిలాండ్ చేతిలో 0-1తో ఓడారు. కరోలిన్ గ్రాహమ్ హాన్సెన్ లాంటి స్టార్‌ని తర్వాతి మ్యాచ్‌లో బెంచ్ మీద కూర్చోబెడితే ఆమె తన బాధని బహిరంగంగానే చెప్పింది. ఫిలిప్పీన్స్‌ని 6-0తో ఓడించి గట్టెక్కారు గానీ, ప్రీక్వార్టర్స్‌లో 1-3తో ఇంటిదారి పట్టారు. ఆ ఏడాదే రీసె పదవీ పోయింది. అభిమానంతో ఇదంతా దాచేస్తే, ముందు నువ్వు రాసిన గెలుపుల్ని కూడా పాఠకులు అనుమానిస్తారు.

ఆ ప్రీక్వార్టర్స్‌లో నార్వేని ఓడించింది జపాన్. ఒకప్పుడు రీసెకి జీతమిచ్చిన లీగ్ దేశమే. కంపెనీలు తప్పుకున్నా అక్కడ ఆట ఆగలేదు, 2011లో ఆ జట్టు ప్రపంచ కప్ గెలిచింది. ఈ ముడి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. కొత్త డ్రాఫ్ట్ ఆ జపాన్ మ్యాచ్‌తోనే మొదలుపెట్టి, అక్కణ్నుంచి 1995కి వెనక్కి వెళ్లి చూడు. కుదరకపోతే కరోలినా జట్టు అట్టడుగున ఉన్న ఏడాది నుంచి మొదలుపెట్టు. పుట్టిన తేదీతో మాత్రం వద్దు. దసరా సంచికకి ఇంకా టైముంది, టెన్షన్ పడకు. రాశాక నాకు పంపు, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మాస్టారు