మాస్టారి మీద కోపం సరే, అబ్బాయిని అడిగారా?

ప్రశ్న: సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు లెక్కల మాస్టారు పాఠం పక్కనపెట్టి పదో తరగతి పిల్లలతో కబుర్లేసుకున్నారట. సెలవుల్లో ఎవరేం చేశారని అడిగితే, మావాడు భీమవరంలో మా తమ్ముడి మోటార్ వైండింగ్ షాపులో కూర్చున్నానన్నాడట. 'అయితే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా తీసుకోరా' అన్నారట ఆయన. ఆరోజు నుంచి వీడు ఇంటర్ చదవనంటున్నాడు. తప్పంతా ఆ మాస్టారిదే. మావారు విజయవాడలో ఒక ఇంటర్ కాలేజీకి ఇరవై వేలు అడ్వాన్సు కట్టేశారు. ఆ తర్వాత బీటెక్‌లో ఏఐ (కృత్రిమ మేధ) చదివించాలని మా ఆశ. మా తోడికోడలి కొడుకు కంప్యూటర్ సైన్సే చదువుతున్నాడు. ఇంటరా, డిప్లొమానా? పోల్చి చెప్పండి.
- ఒక తల్లి, ఉండి

జవాబు: అమ్మా, ఏటా సంక్రాంతి వెళ్ళగానే ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. ఊరు మారుతుంది గానీ తోడికోడలి కొడుకు మారడు. మీ ఉత్తరంలో మీ అబ్బాయి గురించి ఉన్నది రెండు ముక్కలు. వాడికి లెక్కలు ఎలా వస్తాయో రాయలేదు, షాపులో ఏం నచ్చిందో రాయలేదు. డిప్లొమాలో వేస్తే చదువు రాక వేశారంటారేమో అన్న భయం మాత్రం అక్షరం అక్షరంలో కనిపిస్తోంది.

ముందు ఆ భయం సంగతి. ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరు. డిప్లొమా మూడేళ్ళు చదివి, డిప్లొమా వాళ్ళకి పెట్టే ఈసెట్ అనే ప్రవేశపరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్తాడు, ఇంకో మూడేళ్ళు. ఇదీ ఆరే. చేతికొచ్చే పట్టా కూడా అదే బీటెక్. మధ్యలో ఇంట్లో ఇబ్బంది వచ్చి ఆగాల్సొచ్చినా డిప్లొమా చేతిలో ఉంటుంది. దాంతో రైల్వేలో జూనియర్ ఇంజనీర్ పరీక్ష రాయొచ్చు. ఒట్టి ఇంటర్‌తో ఆ వీలుండదు. మన దగ్గర డిప్లొమాలో ఒక సెమిస్టరు పొడుగునా పరిశ్రమలో శిక్షణ ఉంటుంది. షాపులో కూర్చోవడం ఇష్టపడిన పిల్లాడికి అది పండగే.

నష్టమూ చెప్పాలి. ఈసెట్ దారిలో ఐఐటీ, ఎన్‌ఐటీలు దొరకవు. మీవాడి మనసు అటుంటే ఇంటర్‌కే పంపండి. డిప్లొమా మొదటి ఏడాది లెక్కలు కూడా గట్టిగానే ఉంటాయి. లెక్కలు తప్పించుకోడానికి పాలిటెక్నిక్‌కి వెళ్ళినవాళ్ళు అక్కడే దొరికిపోతారు.

ఇక మీ ఏఐ. ఈ మాట వినగానే నాకు కాస్త చిరాకు, దాచుకోను. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లన్న పరిమితిని ఏఐసీటీఈ, అంటే సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ, ఎత్తేసింది. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకున్న కాలేజీలు బోలెడు. సీట్లు పెంచినంత తేలిగ్గా పాఠం చెప్పేవాళ్ళు దొరుకుతారా? బీటెక్‌లో ఏఐ-ఎంఎల్ (ఏఐ, మెషీన్ లెర్నింగ్) బ్రాంచి మూడో ఏడాది చదువుతున్న ఓ కుర్రాడు ఆమధ్య నా దగ్గరికొచ్చాడు. పక్క సెక్షన్ సీఎస్‌ఈ (మామూలు కంప్యూటర్ సైన్స్) వాళ్ళకంటే నువ్వు కొత్తగా ఏం నేర్చుకున్నావు బాబూ అని అడిగాను. చాలాసేపు ఆలోచించి రెండు సబ్జెక్టుల పేర్లు చెప్పాడు. అందులో ఒకటి ఇంకా మొదలు కాలేదట! ఆ చదువు చెడ్డదని నేననను. సంభావ్యత, మాత్రికలు ఇష్టంగా చేసే పిల్లలు అందులో రాణిస్తారు. కానీ బోర్డు మీద పేరు చూసి పదిహేనేళ్ళవాణ్ణి అందులోకి తోయడం నాకు నచ్చదు. వాడు పట్టా పుచ్చుకునేసరికి ఆరేళ్ళు గడుస్తాయి. అప్పటికి ఏ బ్రాంచికి గిరాకీ ఉంటుందో చెప్పేవాళ్ళెవరైనా కనిపిస్తే నాకూ పరిచయం చేయండి.

మీ తమ్ముడి షాపు సంగతి మీకు తెలియదా? మీ చుట్టూ ఉన్నవన్నీ రొయ్యల చెరువులే. రాత్రిపూట చెరువు నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ మోటారు కాలిపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అలా వచ్చిన మోటారు విప్పి, మాడిన రాగి తీగ తీస్తూ ఒక్కో కాయిల్‌కి ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టాలి. తీగ మందం గేజితో చూడాలి. లెక్క తప్పితే కొత్త వైండింగూ వేడెక్కి మళ్ళీ కాలుతుంది. సెలవుల్లో గాలిపటాలు, కోడిపందేలు వదిలేసి ఆ వార్నిష్ వాసనలో కూర్చున్న పిల్లాడు మీకు చులకనెలా అయ్యాడమ్మా?

ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. పిల్లాణ్ణి ఒక్కమాట అడక్కుండా ఇరవై వేలు కట్టారు. మాస్టారు అయిదు నిమిషాలు కబుర్లాడి అడిగిన ప్రశ్నని ఇంట్లో పదేళ్ళుగా ఎవరూ అడగలేదు. ఇప్పుడు తప్పంతా ఆయనదేనంటున్నారు. అడ్వాన్సు పోతుందేమోనని ఆరేళ్ళ చదువు నిర్ణయించకండి. రసీదు వెనక షరతులు చదివి, మీవారిని ఒకసారి కాలేజీకి వెళ్ళి అడగమనండి.

అన్నట్టు, మీ అబ్బాయిది సర్కారు బడి అయితే పదో తరగతి కాగానే ఇంటర్, బీటెక్ కలిపి చదివించే నూజివీడు ట్రిపుల్‌ఐటీ సంగతి ఇంట్లో ఎవరూ ఎందుకెత్తలేదో నాకు అర్థం కాలేదు. పదో తరగతి మార్కుల మీదే సీటిస్తారు, ఆరేళ్ళ కోర్సు, సర్కారు బడి పిల్లలకు కొంత వెయిటేజీ కూడా ఉంది. మార్కులొచ్చాక దరఖాస్తు చేయించండి.

వాడు సరదాకి షాపులో కూర్చున్నాడా, నిజంగానే పట్టుందా అన్నది ఇక్కణ్ణుంచి నేను చెప్పలేను. ఈ ఆదివారం మళ్ళీ పంపించండి. సాయంత్రం మీ తమ్ముడికి ఫోన్ చేసి, వీడు మోటారు విప్పాడా, ఫోన్ చూస్తూ కూర్చున్నాడా అని అడగండి. సోమవారం బడికెళ్ళి మాస్టారిని కలవండి, దెబ్బలాడ్డానికి కాదు. త్రికోణమితి చాప్టర్లో వీడికి ఎన్ని మార్కులొచ్చాయో కనుక్కుని నాకు మళ్ళీ రాయండి.