పెద్దింటి పిచ్చి కామెడీలు: ముందు ఏది చూడాలి?

'బ్రింగింగ్ అప్ బేబీ' (1938)తో మొదలుపెట్టాను, గోల తప్ప ఏమీ ఎక్కలేదు, స్క్రూబాల్ కామెడీలు (తిక్క మనుషులు, చకచకా మాటలతో సాగే 1930, 40ల నాటి హాలీవుడ్ హాస్య సినిమాలు) ఏ వరుసలో చూడాలి అని అడిగారు. ఆ సినిమాను చివరికి ఉంచండి. అందులో తిక్క లేని మనిషి ఒక్కరూ లేరు. అదే దాని లోపమని దర్శకుడు హోవర్డ్ హాక్స్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు.

ఈ రకం కామెడీలో ముందు పట్టుకోవాల్సింది ఇంట్లో తలకాయ నిలకడగా ఉన్న మనిషిని. అందుకే 'మై మ్యాన్ గాడ్‌ఫ్రీ' (1936)తో మొదలుపెట్టండి, గంటన్నర సినిమా. ఆర్థిక మాంద్యం రోజులు. న్యూయార్క్ చెత్తకుప్పల దగ్గర బతుకుతున్న గాడ్‌ఫ్రీని బుల్లక్ కుటుంబపు చిన్నమ్మాయి ఐరీన్ తెచ్చి బట్లర్‌గా పెడుతుంది. మొదటి రోజు పొద్దున్న చూడండి: లైబ్రరీలో గుర్రం, రాత్రి తాగింది దిగక లేనివేవో కళ్ళకు కనిపిస్తున్న తల్లి, ఆమె మంచం దగ్గర టమాటా రసంతో గాడ్‌ఫ్రీ. అతని మొహంలో చలనం ఉండదు, నవ్వంతా అక్కడే పుడుతుంది. ఇంకో చోట తండ్రి డబ్బు కష్టాలు చెప్పబోతుంటే, తల్లి ఇంట్లో పెట్టుకుని మేపుతున్న కార్లో అనే అతను గొరిల్లాలా గెంతుతుంటాడు. అప్పుడు గొరిల్లాను వదిలేసి తండ్రిని చూడండి. నటనకు ఉన్న నాలుగు ఆస్కార్ విభాగాల్లోనూ నామినేషన్ తెచ్చుకున్న మొదటి సినిమా ఇదే.

కాపీ విషయంలో జాగ్రత్త. అమెరికాలో దీని కాపీరైట్ పునరుద్ధరించలేదు కాబట్టి ఎవరు పడితే వాళ్ళు వేసిన మసక ప్రింట్లు నెట్ నిండా ఉన్నాయి. వాటిలో శబ్దం ముద్దగా వినిపిస్తుంది. మాట మీద మాట పడే సినిమాకు అంతకన్నా నష్టం లేదు. రంగులద్దిన కాపీ కూడా వద్దు: మొదట్లో పేర్లు మేడల మీద నియాన్ దీపాల్లా వెలుగుతూ చెత్తకుప్ప దాకా సాగే షాట్ అందం నలుపు తెలుపుల్లోనే ఉంది. పునరుద్ధరించిన ప్రింట్ వెతకండి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

రెండోది 'ది ఫిలడెల్ఫియా స్టోరీ' (1940). ఇక్కడ లార్డ్ అనే పెద్దింటి పెళ్ళి గురించి రాయడానికి పత్రిక నుంచి వచ్చిన విలేఖరి, ఫోటోగ్రాఫర్ మన కళ్ళు. వాళ్ళెందుకొచ్చారో ముందే తెలిసిన లార్డ్ కుటుంబం కావాలనే పిచ్చి నటిస్తుంది.

అప్పుడు మళ్ళీ 'బేబీ'కి రండి. బేబీ అనే ఆ చిరుతను పట్టించుకోకుండా, హీరో కేరీ గ్రాంట్ వెతుకుతున్న డైనోసార్ ఎముక ఎవరి దగ్గరుందో మాత్రమే గమనిస్తూ పోండి. ఆ గోలకు దారం అదే.