పేకముక్కల ముచ్చట్లు: పెద్దాయన ఎందుకు పెంచాడు?

ప్రశ్న: మాస్టారూ, నేను కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాను. శనివారాలు శాన్ హోసే వెళ్ళి 4-8 డాలర్ల లిమిట్ హోల్డెమ్ (తలా రెండు ముక్కలు చేతిలో, అందరికీ కలిపి ఐదు మధ్యలో పడే పోకర్; ఒక్కో బెట్ ముందు 4, తర్వాత 8 డాలర్లే) ఆడతాను. మొన్న నా చేతికి ఆసు, రాజు వచ్చాయి. రెయిజ్ చేశాను, అంటే పందెం పెంచాను. బ్లైండ్లిద్దరితో (ముక్కలు చూడకముందే పందెం పెట్టాల్సినవాళ్ళు) కలిపి ఐదుగురు కాల్ చేశారు, అంటే అంతే డబ్బు పెట్టి ఆటలో ఉన్నారు. ఫ్లాప్‌లో (మధ్యలో తెరిచే మొదటి మూడు ముక్కల్లో) ఆఠీను రాజు, ఆఠీను తొమ్మిది, కళావరు నాలుగు పడ్డాయి. నేను బెట్ వేస్తే ముగ్గురు వచ్చారు. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, ఇస్పేటు ఏడు. మళ్ళీ వేశాను. రెండు గంటలుగా నోరు మెదపకుండా కాల్ చేస్తూ కూర్చున్న ఒక పెద్దాయన రెయిజ్ చేశాడు, మిగతా ఇద్దరూ ముక్కలు పడేసి తప్పుకున్నారు. ఆయన దగ్గర రాజు-రాణి ఉందనుకుని నేను ఇంకా పెంచాను. ఆయన నా మీద ఇంకా పెంచాడు. రివర్‌లో, అంటే ఆఖరి ముక్కగా, డైమను రెండు. ఆయన వేశాడు, నేను కాల్ చేశాను. చూపించింది నాలుగుల జత! అంటే మధ్యలో ఉన్నదానితో కలిపి మూడు నాలుగులు, నా రాజుల జత కన్నా పెద్దది. దీన్ని ముందే ఎలా పసిగట్టాలి?

జవాబు: మాది భీమవరం దగ్గర పల్లె. పండక్కి అరుగు మీద రమ్మీ ఆడేవాళ్ళ వెనక కూర్చుని పెరిగాను. ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడో, ఏది పడేశాడో చూసి మా పెదనాన్న వాడి చేతిలో ఏ సీక్వెన్స్ కడుతున్నాడో చెప్పేసేవాడు. ఆ అలవాటుతోనే ఇక్కడ కూర్చుని, "ఈయన దగ్గర ఉన్నది ఇదే" అని ఒకే చేతిని పట్టుకుని మొదటి ఏడాదంతా పోగొట్టుకున్నాను. హోల్డెమ్‌లో ఎవరూ ముక్క తిప్పి పడెయ్యరు. డబ్బు ఎప్పుడు పెట్టాడు, ఎలా పెట్టాడు అన్నదే కనిపిస్తుంది. అందుకని ఉండగలిగిన చేతులన్నీ ఒక గుంపుగా పెట్టుకుని, రౌండు రౌండుకీ తీసేస్తూ రావాలి.

మీరు పెంచినప్పుడు ఐదుగురు వచ్చారు. అప్పటికి ఎవరి గురించీ ఏమీ అనుకోవద్దు. మన టేబుళ్ళలో రెండు ఇస్పేట్లు జోడీగా ముచ్చటగా ఉన్నాయని 8 డాలర్లు పెట్టేవాళ్ళున్నారు. ఫ్లాప్‌లో 4 డాలర్లకి కాల్ చేసినవాళ్ళ దగ్గర ఏదో ఒక రాజు, తొమ్మిది, రెండు ఆఠీన్లు, కాదంటే దాచుకున్న మూడు (చేతిలో జత, మధ్యలో అదే ముక్క ఇంకొకటి) ఉండొచ్చు. ఇక్కడిదాకా పెద్దాయనా ఆ గుంపులో ఒకడే.

కథంతా టర్న్‌లో ఉంది. లిమిట్‌లో అక్కడి నుంచి బెట్ రెట్టింపవుతుంది, 4 కాస్తా 8. బలమైన చెయ్యి ఉన్న నెమ్మదస్తులు ఫ్లాప్‌లో ఊరికే కాల్ చేసి, పెద్ద బెట్ వచ్చేదాకా కాచుకుని అప్పుడు పెంచుతారు. పైగా పడింది ఆఠీను కాదు, కాబట్టి రంగు (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) పూర్తయిందని పెంచలేదు.

మీరన్న రాజు-రాణి సంగతి చూద్దాం. ఒక రాజు మీ చేతిలో, ఒకటి బోర్డు మీద. మిగిలినవి రెండు. నలుగురు రాణులతో కలిపితే ఎనిమిది రకాలుగా ఆ చెయ్యి రావచ్చు. నాలుగుల జత మూడు రకాలుగానే వస్తుంది. తొమ్మిదుల జత, ఏడుల జత కూడా అంతే. రాజుల జతకి ఒక్కటే దారి. అంటే మూడు ఒకటే రకం అయ్యే చేతులన్నీ కలిపినా పదే. ఇంచుమించు సమానంగా కనిపిస్తున్నాయి కదా, మీరు మోసపోయింది అక్కడే. రెండు గంటలుగా ఒక్కసారీ పెంచని మనిషి రాజు-రాణితో పెంచుతాడా? కాల్ చేసి ఊరుకుంటాడు. ఆ ఎనిమిదిలో ఏడెనిమిదింటినీ కొట్టేయండి. మీరైతే రాజు-రాణితో పెంచుతారు కాబట్టి ఆయనా పెంచుతాడనుకున్నారు. మన బుర్ర తీసుకెళ్ళి ఎదుటివాడికి పెట్టడం అందరం చేసే పనే, నేను ఇప్పటికీ చేస్తాను.

అదే రెయిజ్ మూడు చేతులకోసారి చిప్స్ విసిరే కుర్రాడు చేసి ఉంటే? అప్పుడు రాజు-రాణి, రాజు-జాకీ, ఇంకా రంగు కుదరని ఆఠీన్లు కూడా గుంపులో ఉంటాయి. మీరు పెంచడం సరైనదే అయ్యేది.

మరి పెద్దాయనకి పడేయాలా? అదీ కాదు. ముందు ఆరుగురు తలా 8 పెట్టినవి 48, ఫ్లాప్‌లో నలుగురు తలా 4 పెట్టినవి 16, టర్న్‌లో మీ 8, ఆయన 16 కలిపి పాట్ (మధ్యలో పోగైన డబ్బు) 88. మీరు పెట్టాల్సింది 8. రివర్‌లో ఆయన వేశాక పాట్ 104, మీది మళ్ళీ 8. ఆట ఆడించే రూము వాళ్ళు తీసుకునే రుసుము పక్కన పెడితే, ఆ చివరి కాల్‌కి పద్నాలుగుసార్లలో ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. పెద్దాయన చేతిని తప్పుగా చదవడమో, ఆయనే తన ముక్కలు తప్పుగా చూసుకోవడమో ఆ మాత్రం జరుగుతుంది. కాల్ చేసుకుంటూ పోతే టర్న్, రివర్ కలిపి 24 డాలర్లు పోయేవి. మీకు పోయినవి 40. ఆ 16 డాలర్లే మీ తప్పు, మిగతాదానికి దిగులు పడకండి.

ఇంకో మాట. ముక్కలు పడేశాక ఫోన్ తీస్తారనుకుంటాను, అందరూ తీస్తారు. అప్పుడే చూడాలి. చివర్లో ముక్కలు తిప్పినప్పుడు, ఆ మనిషి ఏ చేతితో ఎక్కడ పెంచాడో వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకోండి. నాకు పేర్లు గుర్తుండవు. "టోపీ తాతయ్య, మూడు వస్తే టర్న్ దాకా ఆగుతాడు" అని గుర్తు పెట్టుకుంటాను.

ప్రశ్న: గుంటూరులో ఉన్న మా తమ్ముడు కూడా నేర్చుకుంటానంటున్నాడు. డబ్బు పెట్టి ఆడే యాప్‌లో నేర్పించనా?

జవాబు: వద్దండీ. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలకు దేశమంతటా తలుపులు మూసింది. ఇంట్లో నలుగురిని కూర్చోబెట్టి చింతపిక్కలతో ఆడమనండి. ప్రతి రౌండులోనూ ఎదుటివాడి దగ్గర ఏవేవి ఉండొచ్చో కాగితం మీద రాసుకుని, ఆఖర్న అందరూ ముక్కలు తిప్పి సరిచూసుకోవాలి. పిక్కలు చాలకపోతే సెనగలు. వేయించినవి మాత్రం వద్దు, ఆట సగంలోనే బ్యాంకు ఖాళీ అవుతుంది.