ఆరో నెలలో కంటి నల్లగుడ్డుపై హెర్పిస్ పుండు

ప్రశ్న: నాకు ఆరో నెల. కుడి కన్ను ఎర్రబడి నీరు కారుతోంది, వెలుతురు చూడలేకపోతున్నాను. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద హెర్పిస్ వైరస్ పుండు అన్నారు. మందు వాడితే బిడ్డకు ప్రమాదమా? మెడికల్ షాపులో ఇదివరకు ఇచ్చిన చుక్కలు ఇంట్లో ఉన్నాయి, వేసుకోవచ్చా? – ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వద్దమ్మా, ఆ చుక్కలు ముట్టుకోకండి. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా అనిపిస్తుంది, లోపల వైరస్ విజృంభిస్తుంది. పసుపు రంగు మందు వేసి నీలి కాంతిలో చూస్తే చెట్టు కొమ్మల్లా సన్నగా మెరిసే పుండు, స్టెరాయిడ్ పడితే వెడల్పుగా పాకి మచ్చ మిగులుస్తుంది. మాకు అన్నిటికన్నా భయం అదే.

ఈ వైరస్‌ను అణిచే అసైక్లోవిర్ మందును గర్భిణులకు చాలా ఏళ్లుగా ఇస్తున్నారు, దానివల్ల పుట్టుకలోపాలు పెరిగినట్టు కనబడలేదు. సాధారణంగా 3 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు 5 సార్లు, కింది రెప్ప లోపల సెంటీమీటరు పొడవున. పుండు మానాక కూడా కనీసం 3 రోజులు ఆపకూడదు. చుక్కల మందేదైనా రాస్తే, వేశాక ముక్కు పక్కన కంటి మూలను 2 నిమిషాలు నొక్కి ఉంచండి, ఒంట్లోకి వెళ్లేది తగ్గుతుంది. కాంటాక్ట్ లెన్స్ మానేయండి.

చూపు మసకబారినా, నొప్పి పెరిగినా ఆ రోజే మెహదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రికో, మీ కార్నియా డాక్టరు దగ్గరికో వెళ్లండి. కంటి హెర్పిస్ ఒక్కదానికే సిజేరియన్ అక్కర్లేదు, అయినా మీ గైనకాలజిస్టుకు చెప్పాలి. కాన్పయ్యాక పెదవి మీద పొక్కులుంటే మాత్రం, అవి పూర్తిగా ఎండేదాకా బిడ్డను ముద్దాడకండి.