ఆకారాలు ఊహించలేకపోతే ఇంజనీరింగ్ వద్దనుకోవాలా?

లెక్కలు, భాషలు బాగానే వస్తాయి కానీ బొమ్మను మనసులో తిప్పి చూడమంటే చేతకాదు, కాబట్టి ఇంజనీరింగ్ మానుకోవాలా అని అడిగారు. ఈ ఒక్క కారణంతో అయితే అస్సలు మానుకోకండి.

నాదీ మీ పరిస్థితే. సమీకరణాలు చకచకా సాధించేదాన్ని. మొదటి ఏడాది ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో మాత్రం చెయ్యి ఆడేది కాదు. ఓ రోజు మెట్టులా కోసి, పైన గాడి తీసిన దిమ్మె బొమ్మ ఇచ్చి ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ, సైడ్ వ్యూ గీయమన్నారు. "కళ్లు మూసుకుని ఊహించుకోండి" అన్నారు మేడమ్. కళ్లు మూసుకుంటే నాకు చీకటే.

మర్నాడు నా బెంచీలో కూర్చునే అమ్మాయి బట్టల సబ్బును బ్లేడుతో సరిగ్గా ఆ ఆకారంలో చెక్కి తెచ్చింది. పైనుంచి చూశాను, గాడి అంచులు రెండూ కనిపించాయి: గట్టి గీతలు. పక్కకి తిప్పితే గాడి అడుగు కనబడకుండా లోపలుండిపోయింది: దానికి డాటెడ్ లైన్. ఆ తర్వాత మూలలన్నిటికీ పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకెనూ ఒక వ్యూలోంచి ఇంకో వ్యూలోకి గీత లాగి దించాను. రెండు వ్యూలు తెలిస్తే మూడోది, కాగితం మీద వాలుగా గీసుకున్న 45 డిగ్రీల గీత దగ్గర కొలతల్ని మలుపు తిప్పితే, దానంతటదే వస్తుంది! అక్కడ కావాల్సింది వరస తప్పని ఆలోచన. లెక్కలు వచ్చినవాళ్లకి అది ఎలాగూ ఉంటుంది. ఈ ముక్క మొదటి రోజే చెప్పని మాస్టార్ల మీద నాకిప్పటికీ కోపమే.

బొమ్మల్ని మనసులో తిప్పమని టైము పెట్టి పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్షలంటే ఇంకా ఒళ్లు మంట. 1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వేర్వేరు కోణాల్లో తిప్పిన రెండేసి బొమ్మలు చూపించి, రెండూ ఒకే ఆకారమేనా అని అడిగారు. వాటి మధ్య కోణం పెరిగేకొద్దీ జవాబుకి పట్టే సమయమూ అదే లెక్కన పెరిగింది. అంటే మనుషులు నిజంగానే మనసులో తిప్పుతారు, తిప్పడానికి టైము పడుతుంది. నిదానంగా తిప్పేవాళ్లని తెలివితక్కువవాళ్ల కింద జమకట్టడం అన్యాయం.

పైగా ఇది నేర్చుకుంటే వచ్చే విద్య. అమెరికాలోని మిషిగన్ టెక్ యూనివర్సిటీలో షెరిల్ సోర్బీ అనే అధ్యాపకురాలు 1990ల్లో, ఇలాంటి పరీక్షలో వెనకబడిన మొదటి ఏడాది విద్యార్థులకి ప్రత్యేకంగా కోర్సు పెట్టారు. వాళ్లు మెరుగుపడ్డారు. చదువుకునే రోజుల్లో ఇంజనీరింగ్ గ్రాఫిక్స్, అంటే ఈ డ్రాయింగే, ఆవిడకీ కొరుకుడు పడలేదు, తర్వాత అదే సబ్జెక్టు పాఠాలు చెప్పారు. మనసులో బొమ్మ కనబడకపోవడం, దాన్ని తిప్పలేకపోవడం ఒకటి కాదు కానీ ఇదీ వినండి: యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ స్థాపకుల్లో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్‌కి కళ్లు మూసుకుంటే ఏ బొమ్మా కనిపించదు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌కి పునాది వేసినవాళ్లలో ఆయనొకరు.

నేను చివరికి డేటాబేస్‌ల వైపు వెళ్లాను, డ్రాయింగ్‌కి భయపడి కాదు, అది నచ్చి. మెకానికల్ డిజైన్, ఆర్కిటెక్చర్, సర్జరీ లాంటి వాటిలో మాత్రం ఈ నైపుణ్యం రోజూ కావాలి. వాటి మీద మనసుంటే చేరకముందే సాధన మొదలుపెట్టండి. ఫోన్‌లో త్రీడీ బొమ్మలు తిప్పుతూ కూర్చుంటే చాలదు. ఏదైనా వస్తువు ముందు పెట్టుకుని, దాని వెనకవైపు ఎలా ఉంటుందో చూడకుండా కాగితం మీద గీయండి, తర్వాత తిప్పి సరిచూసుకోండి.