మెడలో ఆర్టిఫిషియల్ డిస్క్: నా అనుభవం

"మా వారికి సీ5-సీ6 దగ్గర డిస్క్ మార్చాలన్నారు, ఫ్యూజన్ కన్నా ఇదే నయమంటున్నారు, నిజమేనా?" అని అడిగారు కదా. నాకు సరిగ్గా అక్కడే, అంటే మెడలో ఐదో, ఆరో పూసల మధ్య, ఐదేళ్ల కిందట చేశారు. ఫ్యూజన్ అంటే పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ పాడైతే తీసేసి, ఆ రెండు పూసల్నీ కదలకుండా అతికించేయడం. ఇందులో అతికించరు, కదిలే కృత్రిమ డిస్క్ పెడతారు.

ఆపరేషన్ మెడ ముందు వైపు నుంచి చేస్తారు. అన్నవాహికను, శ్వాసనాళాన్ని పక్కకు జరిపి పూసల దాకా వెళ్తారు. అందుకే మొదట్లో నన్ను ఏడిపించింది మెడ కాదు, గొంతు. మూడు వారాలు గంజి, మెత్తగా పిసికిన పెరుగన్నం. మాత్ర మింగాలంటే భయం. గొంతు ఎంత బొంగురుపోయిందంటే ఫోన్‌లో మా అక్కే నన్ను పోల్చుకోలేదు. స్వరపేటికకు వెళ్లే నరం ఒత్తిడికి గురైతే ఇలా అవుతుందట. నాకు రెండు నెలల్లో తగ్గింది. ఆపరేషనైన ఒకటి రెండు రోజుల్లో మెడ ఉబ్బి ఊపిరి ఆడకపోతే మాత్రం లోపల రక్తం గడ్డకట్టి నొక్కుతుండొచ్చు. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు, వెంటనే నర్సును పిలవండి.

చేయి లాగడం, తిమ్మిర్లు వారంలోనే పోయాయి, మళ్లీ రాలేదు. అది నిజం. కానీ మూడో ఏడు చెకప్‌కి వెళ్తే, తల వంచి ఒకటి, ఎత్తి ఒకటి ఎక్స్‌రే తీసి, డిస్క్ కదలడం లేదన్నారు. చుట్టూ ఎముక పెరిగి అతుక్కుపోయింది. హెటెరోటోపిక్ ఆసిఫికేషన్ అంటారు. 0 నుంచి 4 దాకా గ్రేడులు, నాది అన్నిటికన్నా ఎక్కువైన 4. మెడ కదలాలనే ఫ్యూజన్ వద్దని ఎక్కువ డబ్బు పోస్తే, చివరికి ఫ్యూజనే అయింది! ఇది రాకుండా కొందరు డాక్టర్లు కొన్నాళ్లు పెయిన్ కిల్లర్లు ఇస్తారు. నాకు అల్సర్ ఉందని ఇవ్వలేదు. ఇలా జరగొచ్చని ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

అలాగని ఇదేదో కొత్త ప్రయోగం కాదు, అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2007లోనే మెడ డిస్క్‌కి అనుమతిచ్చింది. అందరికీ సరిపడదు, అంతే. మెడ వెనకవైపు ఉండే ఫేసెట్ కీళ్లు బాగా అరిగాయేమో అడగండి. ఎముకలు గుల్లబారితే డిస్క్ పూసలోకి దిగబడుతుంది, కాబట్టి వయసును బట్టి ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ అవసరమా అని కూడా అడగండి. వాచీ పట్టీకో, బెల్టు బకిల్‌కో ఆయనకు దురద వస్తుంటే ఆ సంగతీ చెప్పండి, మెటల్ అలర్జీ కావచ్చు.

డిస్క్ పేరు, సైజు ఉన్న స్టిక్కర్ కాగితం ఇస్తారు, పారేయకండి. ఎమ్మారైకి వెళ్లిన ప్రతిసారీ నన్ను అదే అడుగుతున్నారు.