శ్రీశైలం నీళ్లలో వల దించే ముందు

చిట్టి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

శ్రీశైలం రిజర్వాయర్‌లో ఏ చేప ఎక్కడ ఉంటుందో సర్వే చేయబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గర్వం దాచుకోవడం వాడికి ఎప్పుడూ రాదు. నాకూ సంతోషమే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు లైఫ్ జాకెట్. పుట్టి ఎక్కకముందే వేసుకో, గట్టు మీద కాలు పెట్టాకే విప్పు. ఉక్కపోత అంటావు, ఫొటోలో బాగుండదంటావు. నల్లమల కొండల సందులోంచి గాలి లేచిందంటే పుట్టి ఎటు తిరుగుతుందో తెడ్డు వేసేవాడికే తెలియదు. వాడు "ఈరోజు వద్దమ్మా" అంటే ఇక వాదించకు. రాత్రి ఒడ్డున నీళ్లలోకి దిగకు, మొసళ్లున్నాయి.

అటవీ శాఖ అనుమతి, డ్యామ్ వాళ్ల అనుమతి మీ గైడ్ చూసుకుంటారు. కాపీలు దగ్గర ఉంచుకో.

డ్యామ్ కింద, లింగాలగట్టు వైపు, టర్బైన్ తిప్పిన నీళ్లు బయటికొచ్చే టెయిల్ రేస్ దగ్గర బండల మీద కూర్చుని చేపలు పట్టేవాళ్లు కనిపిస్తారు. వాళ్లకు ఆ నీటి చప్పుడు తెలుసు, నీకు తెలియదు. టర్బైన్ తిరగడం మొదలైతే ఎండిన బండ చూస్తుండగానే మునుగుతుంది. నీ పని పైనున్న రిజర్వాయర్‌లో కదా, అక్కడే ఉండు.

ఇక అసలు సంగతి. నా ఉద్యోగం కొత్తలో మా పైఅధికారి ఒకాయన ఇలాంటి సర్వేకే వచ్చారు. మంచి మనిషి, కష్టపడేవారు, లెక్కల్లో దిట్ట. కానీ బస డ్యామ్ దగ్గరే అని వలలన్నీ అక్కడే వేయించారు. అవీ జాలర్ల దగ్గర అద్దెకు తెచ్చినవి, బజారుకు పనికొచ్చే పెద్ద చేపల కోసం అల్లిన పెద్ద కళ్ల వలలు. బొచ్చెలు, శీలావతులు, ఒకటి రెండు పెద్ద వాలుగలు పడ్డాయి. చిన్నచేప దాదాపు లేదని రాసుకున్నారు. ఆయన స్టూలు వేసుకుని రాసుకుంటున్న చోటికి నాలుగడుగుల దూరంలో ఒక ముసలావిడ పాత టార్పాలిన్ మీద పరిగెలు ఆరబెట్టి, కాకుల్ని కర్రతో తోలుతోంది. ఒక కాకి ఎగిరొచ్చి పరిగెను ఆయన కాగితాల మీదే పడేసింది. ఆయన దాన్ని తోకతో పట్టుకుని అవతల పారేసి, మళ్లీ రాసుకోసాగారు. పెద్ద కళ్ల జల్లెడ పట్టి ఇంట్లో రవ్వే లేదన్నట్టుంది కదా! నేను చెప్పబోతే "వలలో పడిందే లెక్క" అన్నారు.

అంతటితో పోయిందా? కొన్నేళ్ల తర్వాత ఇంకో బృందం చిన్న కళ్ల వలలతో వచ్చింది. బుట్టలకొద్దీ పరిగెలు, జెల్లలు పడేసరికి పాత రిపోర్టుతో పోల్చి, రిజర్వాయర్‌లో చిన్నచేప విపరీతంగా పెరిగిపోయిందని తేల్చారు. పెరిగింది చేప కాదు తల్లీ, వల కన్ను మారింది. ఆ మాట కాగితం మీద ఎవరూ రాయలేదు.

అందుకే చిన్న కన్ను నుంచి పెద్ద కన్ను దాకా అన్ని వలలూ ప్రతి చోటా వెయ్యి. కన్ను కొలత ముడి నుంచి ముడికా, సాగదీసి కొలిచిందా అన్నది కూడా రాయి. జాలరి ఒకటి చెప్తాడు, పుస్తకం ఇంకొకటి, తేడా రెట్టింపు వస్తుంది. ఎన్ని మీటర్ల వల, ఎన్ని గంటలు అన్నది రాయకపోతే ఎన్ని కిలోలు పడినా వృథా.

డ్యామ్ దగ్గర లోతు, మధ్యలో ఇంకో తీరు, పైన సోమశిల, సంగమేశ్వరం వైపు మరో తీరు. మూడు చోట్లా చూడాలి. లోతున్న చోట పైన, మధ్యలో, అడుగున వేర్వేరుగా వల దించు. ఎండాకాలం అడుగు వల ఖాళీగా వస్తే చేప లేదనుకోకముందు అక్కడి నీళ్లలో ఆక్సిజన్ కొలువు.

ఇంకోటి, అది చెరువు కాదు, కరెంటు కోసం కూడా వాడే నీళ్లు. నిండితే నీటిమట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు, ఎండాకాలానికి యాభై అరవై అడుగులు దిగడం మామూలే. సంగమేశ్వరం గుడి బయటపడేది అప్పుడే. ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, నీళ్లను కిందికి వదలడమే కాదు, కింద నాగార్జునసాగర్ వైపు నుంచి మళ్లీ పైకి తోడేలా కట్టినవి. కాబట్టి వల వేసిన ప్రతి రాత్రీ నీటిమట్టం ఎంత, ఏ గంటల్లో యూనిట్లు నడిచాయో అడిగి రాసుకో. లేకపోతే చేప ఎందుకు కదిలిందో నీకు అంతుపట్టదు.

నీళ్లలోకి శబ్దం పంపి చేపల జాడ చూపే ఎకో సౌండర్ తెస్తున్నారట. తెచ్చుకోండి. మునిగిన చెట్టు కొమ్మనూ బుడగల్నీ అది చేపే అంటుంది, ఏ చేపో మాత్రం చెప్పదు.

గట్టు మీద అమ్మేవాళ్ల బుట్టల్లోకీ తొంగి చూడు. కొనకుండా ఫొటోలు తీస్తే తిడతారు, పావుకిలో అయినా కొను. సరిగా తింటున్నావా? నీకు చిన్నప్పుడు బొమ్మిడాయి ముల్లు గొంతులో గుచ్చుకుని ఎంత గోల చేశావో, మీ పెద్దమ్మ అన్నం ముద్దలు మింగించి మింగించి అలిసిపోయింది.

ఆదివారం ఫోన్ చెయ్యి. పెద్దమ్మ పక్కనే కూర్చుని వింటుంది, ఆవిడ ముందు మొసళ్ల మాట ఎత్తకు.

మీ పెదనాన్న